సబర్ ఎవరి వంతు?

మేం దూదేకులవాళ్లం. ఇంట్లో తెలుగే మాట్లాడతాం. ఉర్దూ మాటలంటే మా నోళ్లలో వేళ్లమీద లెక్కపెట్టేటన్నే. అల్లా, నమాజు, రోజా, ఫాతెహా, సబర్. మొదటి నాలుగూ మసీదు నుంచి ఇంటికొచ్చాయి. అయిదోది ఎప్పుడొచ్చిందో తెలీదు గానీ, మా జేజి నోట్లో కాపురం పెట్టేసింది. బియ్యం నిండుకుంటే సబర్. జరమొస్తే సబర్. వారం కూలి చేతికి రాకపోతే సబర్. ఆకలని మేం ఏడిస్తే పొయ్యిగొట్టంతో ఊదుకుంటూ "సబర్ రా నాయనా, సబర్" అనేది. అన్నం ఉడికేదాకా ఓపిక పట్టమంటోందో, బతుకంతా ఓపిక పట్టమంటోందో మాకు అర్థమయ్యేది కాదు.

ఈ మాట మాదే అనుకునేవాణ్ణి. కాదు. ఏ ఊళ్లో సాయిబాబా గుడికి పోయినా గోడమీద శ్రద్ధ, సబూరి అని రాసుంటుంది. ఆ సబూరి ఈ సబరే. అరబ్బీలో పుట్టి, ఉర్దూలో తిరిగి, మరాఠీ దేశంలో ఒక ఫకీరు నోట పలికి, తెలుగు హిందువుల పూజగదిలోకి చేరింది. ఆ మాట అక్కడ ఉండటానికి ఎవరికీ అభ్యంతరం లేదు. మాటకు ఇల్లు దొరికినంత సులువుగా మాకు మార్కాపురంలో అద్దె ఇల్లు దొరకలేదు. అది వేరే కథ.

ఈ వ్యాసం రాయడానికి కారణం మా నాయన. ఆ మాటను ఆయన నెత్తిమీద మోసినంతకాలం మోసి, దాన్ని దించకుండానే పోయాడు. పోయేముందు నన్ను ఒక ప్రశ్న అడిగాడు. దానికి నా దగ్గర ఇప్పటికీ సరైన జవాబు లేదు.

మా ప్రాంతం గురించి తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్పాలి. మార్కాపురం, కంభం, గిద్దలూరు 1970 దాకా కర్నూలు జిల్లాలో ఉండేవి. ఆ ఏడు కొత్త జిల్లా ఏర్పడినప్పుడు ఒంగోలు కిందికి వచ్చాయి. తర్వాత దానికే ప్రకాశం పేరు పెట్టారు. కాగితాలమీద మేం కోస్తావాళ్లమయ్యాం. వాన మాత్రం సీమ వానే. పడమట నల్లమల. ఆ కొండల అవతల శ్రీశైలం దగ్గర కృష్ణమ్మ నిండుగా పోతూనే ఉంటుంది. ఇవతల మేం బిందెలు పట్టుకుని బోరింగు దగ్గర నిలబడి ఉంటాం. విజయనగర రాజుల కాలంలో గుండ్లకమ్మకు అడ్డంగా కట్టిన కంభం చెరువు ఉంది గదా అంటారు. ఉంది. అయిదువందల ఏళ్ల కిందట ఒకరు చేసిన మంచిపనిని ఇంకా తాగుతున్నాం. అది నిండిన ఏడాది పండగ. నిండని ఏళ్లే ఎక్కువ.

నీళ్లు లేని మా నేలలో రాయి ఉంది. పలకరాయి. ఈ వ్యాసం చదువుతున్నవాళ్లలో కాస్త వయసున్నవాళ్లు ఓనమాలు దిద్దింది బహుశా మా మార్కాపురం పలకమీదే. గనిలోంచి దిమ్మ తీసి, ఉలిపెట్టి సుత్తితో కొడితే పొరలు పొరలుగా విడిపోతుంది. ఆ పొరను కొలతకు కోసి, నున్నగా రుద్ది, కొయ్య చట్రం బిగిస్తే పలక. రుద్దేదీ చట్రాలు బిగించేదీ ఎక్కువగా ఆడవాళ్లు, పిల్లలు. వాళ్ల పిల్లల చేతికి మాత్రం ఆ పలక చాలాసార్లు అమ్మకానికి పనికిరాని అంచు విరిగిన ముక్కగానే వచ్చేది. తర్వాత నోటుపుస్తకాలొచ్చి పలక తగ్గింది. అదే రాయి గచ్చులకు, గోడలకు, ఇంటి కప్పులకు విదేశాలకు పోయింది. రాయి ఎక్కడికి పోయినా దాన్ని కోసిన దుమ్ము మాత్రం ఇక్కడే ఉండిపోయింది.

మా నాయన కోత మిషను దగ్గర పనిచేసేవాడు. సాయంత్రం ఇంటికొస్తే కనురెప్పలు కూడా బూడిదరంగులో ఉండేవి. నీళ్లు దొరకనప్పుడు వజూకి బదులు తయమ్ముం చెయ్యొచ్చని మాకు ధర్మం ఉంది. శుభ్రమైన మట్టిమీద చేతులు తాటించి ముఖానికి, చేతులకు తుడుచుకుంటే చాలు. వేసవిలో జేజి ఆ సంగతి గుర్తుచేస్తే నాయన నవ్వేవాడు. "నాకు యేరే తయమ్ముం యాడికమ్మా, పొద్దస్తమానం అందులోనే ఉంటి గదా!"

ఆ నవ్వులో ఉన్న లెక్క నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. రాయి కోసేటప్పుడు రంపం మీద నీళ్లు ధారగా పడుతుంటే దుమ్ము గాల్లోకి లేవడం బాగా తగ్గిపోతుంది. ఇందులో పెద్ద శాస్త్రం లేదు. ఒక గొట్టం, ఒక తొట్టి, నీళ్లు. కానీ తాగేదానికే దొరకని నీళ్లు రాయికి ఎవరు పోస్తారు? ట్యాంకరు కొంటే డబ్బు. ఊపిరితిత్తులు ఊరికే వస్తాయి. కరువును దేవుడు చేశాడని, దుమ్మును రాయి చేసిందని మేం అనుకుంటున్న రోజుల్లో ఆ రెంటి మధ్య ఒక మనిషి కూర్చుని లెక్క వేసుకుంటున్నాడు. మాకు కనబడలేదు. నాయనకు తెలుసేమో. ఆ షెడ్డు యజమాని మీద ఒక్క మాట ఆయన నోట వినలేదు నేను.

దగ్గు మొదలైంది. ఆసుపత్రిలో టీబీ అన్నారు. మందులు మింగాడు. కొంత తగ్గినట్టుండి మళ్లీ వచ్చింది. మళ్లీ మింగాడు. రాతిదుమ్ములోని సిలికా కంటికి కనబడనంత సన్నగా ఉండి ఊపిరితిత్తుల అడుగుదాకా పోతుంది. అక్కడ మచ్చ కడుతుంది. పని మానేసినా ఆ మచ్చ పెరగడం ఆగకపోవచ్చు. దాన్ని సిలికోసిస్ అంటారు. నయం చేసే మందు లేదు. అది ఉన్నవాడికి టీబీ కూడా తేలిగ్గా అంటుకుంటుంది. అందుకే డాక్టరు చీటీమీద టీబీ ఒక్కటే మిగిలి, దుమ్ము తప్పించుకుంటుంది. మధ్యప్రదేశ్‌లోని మందసౌర్‌లో పలకబలపాలు కోసే కార్మికులను అహ్మదాబాదులోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ వాళ్లు పరీక్షించి, ఈ జబ్బు గురించి 1985లోనే ప్రచురించారు. మా నాయన అప్పుడు కోత మిషను దగ్గరే ఉన్నాడు. మందసౌర్ నుంచి మార్కాపురానికి ఆ కబురు మోసుకొచ్చినవాడు లేడు.

చట్టం లేదా అంటే ఉంది. మా నాయన పనిచేసిన రోజుల్లో అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టంలో సిలికోసిస్ పేరు ఉంది. ఫ్యాక్టరీ కార్మికుడిలో అది కనిపిస్తే వైద్యుడు ప్రభుత్వానికి రాసి పంపాలి. కాకపోతే కరెంటుతో నడిచే చోట పదిమంది పనివాళ్లుంటేనే అది ఫ్యాక్టరీ. మా నాయన పేరు ఏ పుస్తకంలోనూ లేదు. పుస్తకంలో లేనివాడికి జబ్బేమిటి, పరిహారమేమిటి?

ఇంతవరకూ ఇతరుల తప్పులు చెప్పాను. ఇప్పుడు నా సంగతి.

అంచు విరిగిన ఆ పలకముక్కల మీదే చదువుకుని నేను ఒంగోల్లో ఒక ఆఫీసులో గుమాస్తానయ్యాను. నెలకోసారి ఇంటికి డబ్బు పంపేవాణ్ణి. ఆదివారం ఎస్టీడీ బూత్ నుంచి మార్కాపురంలో మా ఇంటిపక్క అంగడికి ఫోన్ చేస్తే నాయనను పిలిచేవాళ్లు. మీటరు తిరుగుతుంటే నా కళ్లు దానిమీదే ఉండేవి. ఒక ఆదివారం ఆయన రెండు మాటలు మాట్లాడి దగ్గుతూ ఆగిపోయాడు. ఊపిరి అందడం లేదు. నేను తొందరలో ఉన్నాను. "ఓపిక పట్టు నాయనా, వచ్చే నెల వస్తా" అన్నాను. అవతల కాసేపు ఊపిరి శబ్దమే వినిపించింది. తర్వాత అన్నాడు. "నేను పడుతుండేది ఓపికేరా. నువ్వేం పడుతుండావని నాకు చెప్తుండావు?"

కోపంగా అనలేదు. నిజంగా తెలుసుకుందామన్నట్టు అడిగాడు.

అప్పటిదాకా సబర్ అనే మాట జేజి నోటినుంచి వినేవాణ్ణి. ఆమె కూడా మాతోపాటే పస్తుండేది. తను పడుతున్నదాన్ని తనే పేరుపెట్టి పిలుచుకునేది. ఇప్పుడు అదే మాట, తెలుగులోకి మార్చి, కడుపునిండిన నా నోటినుంచి వెళ్లింది. మాట ఒకటే. నేను దాన్ని పలికిన మరుక్షణం అది బాకీ ఎగ్గొట్టే మాట అయింది. ఓర్చుకుంటున్నవాడు తనకు తాను చెప్పుకుంటే అది బలం. ఏదో ఒకటి చెయ్యగలిగినవాడు ఓర్చుకుంటున్నవాడికి చెబితే ఏమంటారో మీరే చెప్పండి.

మన సెక్యులర్ మిత్రులు ఇక్కడ ఒక మాట అంటారు. మీ మతమే మిమ్మల్ని తక్దీర్ అనుకుంటూ తలవంచుకుని కూర్చునేటట్టు చేసిందని. ఈ మాట వినీ వినీ విసుగొచ్చింది. ఆ షెడ్డులో మా నాయన పక్కన మాలవాళ్లున్నారు, మాదిగవాళ్లున్నారు, బోయవాళ్లున్నారు. వాళ్లు నుదుటిరాత అన్నారు, కర్మ అన్నారు. దుమ్ము ఎవరి గ్రంథం ఏమిటని అడగలేదు. అయినా మా గ్రంథం సంగతే చెప్పుకుందాం. సబర్‌కు ఉదాహరణగా అందరూ చెప్పే అయ్యూబ్ ప్రవక్త మౌనంగా ఉన్నాడా? నాకు బాధ పట్టుకుందని దేవుడికే మొరపెట్టుకున్నాడు. కొడుకు యూసుఫ్ కోసం యాకూబ్ ప్రవక్త కళ్లు తెల్లబడేదాకా ఏడ్చాడు. ఆయన సబర్‌నే సుందరమైన సబర్ అన్నారు. ఏడవటం సబర్‌కు విరుద్ధం కాదు. అడగటం విరుద్ధం కాదు. మరి నోరుమూసుకుని ఉండటమే సబర్ అని మాకెవరు నేర్పారు? దాన్ని ఖురాన్‌లో కాక, షెడ్డు యజమానుల లెక్కల పుస్తకాల్లో వెతకాలి. మా పెద్దల్లో కొందరు ఆ లెక్కల పుస్తకానికి తజ్వీద్ నేర్పారు, అంతే.

మా నోరు మూయించడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఇది హిందూ మిత్రులకు తొందరగా అర్థం కాదు. ఆ షెడ్డులో మా నాయనను అందరూ "మంచి సాయిబు" అనేవాళ్లు. చిన్నప్పుడు గర్వంగా ఉండేది. సాయిబు అంటే చాలదా, మంచి అని ఎందుకు అనాల్సి వచ్చిందో తర్వాత తెలిసింది. పక్కవాడు కూలి పెంచమని అరిస్తే అది కూలి తగాదా. మా నాయన అరిస్తే తురకోడు గొడవ చేశాడు. 1992 డిసెంబరు 6 తర్వాత వారం రోజులు నాయన పనికి పోతూ తలకు గుడ్డ చుట్టుకోలేదు. చలికాలం, దగ్గు. గుడ్డ తీసేసి పోయాడు. ఇంటికొచ్చాక "ఎవురేమన్నా అన్నారా?" అని అమ్మ అడిగితే "ఓర్సుకోమన్నారు" అన్నాడు. అనింది ఓదార్పుగానే. పడగొట్టినవాళ్లకు ఎవరూ ఓర్పు నేర్పలేదు, కూలినవాళ్లకే పాఠం. ఉర్దూ మాట్లాడే సాయిబులకు మేం పూర్తి ముస్లింలం కాదు, పింజారీలం. ఊరికి మాత్రం ఆ వారం మేం పూర్తి ముస్లింలం.

కష్టం మనిషిని పుటం పెట్టిన బంగారం చేస్తుందనే మాట కూడా నాకు నమ్మబుద్ధి కాదు. కష్టం మా నాయనను ఏమీ చెయ్యలేదు, ఊపిరి తీసింది. ఆయన మంచివాడు. ఆ మంచితనం దుమ్ముకంటే ముందునుంచీ ఉన్నదే. దుమ్ముకు ఆ గొప్ప ఇవ్వను.

మరి కష్టానికి అర్థమే లేదా? ఇక్కడ నాకు బీబీ హాజిరా గుర్తొస్తుంది. నీళ్లు లేని లోయలో పసిబిడ్డతో ఒంటరిగా మిగిలిన తల్లి. బిడ్డ దాహంతో ఏడుస్తుంటే సఫా కొండ నుంచి మర్వా కొండకు, మర్వా నుంచి సఫాకు ఏడుసార్లు పరిగెత్తింది. ఈ కథ జేజి చెప్పేటప్పుడు మా పక్కింటి రెడ్ల ముసలమ్మ కూడా కూర్చుని వినేది. ఆమెకు ఎవరూ వివరించాల్సిన పని ఉండేది కాదు. బిడ్డను గట్టున కూర్చోబెట్టి నీళ్లకోసం తిరగడం మా పక్క ఏ కులం ఆడదానికైనా తెలిసిన కథే. అక్కడ ఏడు చుట్లని లెక్క ఉంది, మా వాళ్లకు ఆ లెక్క కూడా లేదు.

ఆ కథలో రెండు సంగతులున్నాయి. ఒకటి, నీళ్లు ఆమె పరిగెత్తిన కొండలమీద దొరకలేదు. బిడ్డ పడుకున్నచోట ఊట పుట్టింది. అంటే పరుగుకు ఫలం హామీ లేదు. అయినా పరిగెత్తింది. కూర్చుని ఎదురుచూడటాన్ని సబర్ అనుకునేవాళ్లు ఈ తల్లిని ఏమంటారు? రెండోది నాకు ఇంకా పెద్దదిగా తోస్తుంది. ఆ రోజు ఆమె ఒక్కతే పరిగెత్తింది. ఈనాడు హజ్‌కు పోయే ప్రతి మనిషీ, రాజైనా కూలివాడైనా, ఆ రెండు కొండల మధ్య ఏడుసార్లు నడిచి తీరాలి. ఒక ఒంటరి ఆడమనిషి పడ్డ పాటు లోకంలోని యాత్రికులందరికీ విధి అయింది. ఆమెకు సబర్ చెప్పి ఊరుకోలేదు. ఆమె కష్టాన్ని అందరి కాళ్లకూ పంచారు.

మాకు ఫర్జ్ రెండు రకాలు. నమాజు, రోజా ఎవరికి వారు చెయ్యాల్సినవి. ఇంకొకటుంది, ఫర్జె కిఫాయా. అది ఊరందరి మీదా ఉన్న బాకీ. కొందరు చేస్తే అందరికీ తీరుతుంది. ఎవరూ చెయ్యకపోతే అందరూ దోషులే. చనిపోయినవాడికి జనాజా నమాజు చదవడం అలాంటిది. 2003లో మా నాయన పోయినప్పుడు ఆ ఫర్జ్‌కు లోటు రాలేదు. ఎప్పుడూ పలకరించని ఉర్దూ సాయిబులు కూడా వచ్చి భుజం పట్టారు. హిందువులు వచ్చారు. షెడ్డు యజమాని వచ్చి కంటనీరు పెట్టాడు, అది దొంగ ఏడుపని నేను అనను. మయ్యత్తుకు గుసుల్ చేయించాలి. ఎండాకాలం. వీధి కుళాయి రాక నాలుగు రోజులైంది. అయినా ఎవరెవరి ఇళ్లలోంచో బిందెలు వచ్చాయి. కడిగారు. తలనుంచి కాళ్లదాకా కడిగారు. ఇన్ని నీళ్లు మా నాయన ఒంటిమీద ఒక్కసారి పడటం నేను అంతకుముందు చూడలేదు.

ఆ బిందెల్లో నాలుగు, రోజుకు నాలుగు, ఆ రంపం మీద పడి ఉంటే?

చచ్చినవాడి పట్ల ఊరంతటికీ బాకీ ఉన్నప్పుడు బతికున్నవాడి పట్ల లేదా అని మా మసీదు పెద్దను అడిగాను. ఆయన మంచివాడే. ఆలోచించి, "ఉండాలి, కానీ దానికి ఫత్వా ఏమీ లేదు బాబూ" అన్నాడు. ప్రభుత్వాన్ని అడిగితే వెలిగొండ అంటుంది. కమ్యూనిస్టు నాయకుడు పూల సుబ్బయ్య పేరు పెట్టిన ఆ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన చేశారు. కృష్ణ వరదనీటిని నల్లమల కింద రెండు సొరంగాల గుండా, ఒక్కొక్కటి 18 కిలోమీటర్ల పైనే, ఇవతలికి తేవాలని. సొరంగాల ప్రారంభోత్సవం 2024 మార్చిలో జరిగింది. 28 ఏళ్లు. కొండను తొలవడం కష్టమే, ఒప్పుకుంటాను. శంకుస్థాపన నాడు పుట్టిన పిల్ల ఈ మధ్యలో పెళ్లయి, బిడ్డను చంకనేసుకుని, అదే బోరింగు దగ్గర నిలబడింది. ఈలోగా వచ్చిన ప్రతి ఎన్నికలోనూ మాకు చెప్పిందల్లా కొంచెం సబర్ అనే.

జేజి గురించి ఒక మాట బాకీ ఉంది. ఆమెను నేను చాలాకాలం తక్కువచేసి చూశాను. మా ఇంటికి ఈ పిరికితనమంతా ఆమె నేర్పిందేనని మనసులో ఉండేది. ఆమె పుట్టిల్లు కనిగిరి పక్క పల్లె. ఫ్లోరిన్ నీళ్ల నేల. 1937లో షార్ట్ అనే డాక్టరు, ఆయన తోటివాళ్లు మనదేశంలో ఫ్లోరోసిస్‌ను మొదటిసారి గుర్తించి రాసింది ఆనాటి నెల్లూరు జిల్లాలో. కనిగిరి అప్పుడు ఆ జిల్లాలోదే. జేజి ఆ తర్వాత పుట్టింది, ఆ నీళ్లే తాగింది. జబ్బుకు పేరు పెట్టినంత తొందరగా నీళ్లు మార్చలేదు. డెబ్బై ఏళ్లకు ఆమె మోకాళ్లు వంగవు, వంగితే లేవవు.

నాయన పోయిన మరుసటి ఏడు ఎండాకాలంలో మా వీధికి ట్యాంకరు ఆరు రోజులు రాలేదు. పెద్ద వీధిలోకి పోతోంది, మా వీధి మొదట్లో తిరిగిపోతోంది. ఏడో రోజు నేను ఊళ్లో ఉన్నాను. అర్జీ రాద్దామని కాగితం తీసుకుని కూర్చున్నాను. గుమాస్తాను గదా. బయట గోల వినిపించి పోయి చూస్తే జేజి రోడ్డుకు అడ్డంగా కూర్చుని ఉంది, పక్కన బిందె. ముందు ట్యాంకరు ఆగి ఉంది. డ్రైవరు హారను కొడుతున్నాడు. జనం పోగయ్యారు. వీధిలో ఒకాయన ఎగతాళికే అన్నాడు, "ఏం జేజీ, ఎప్పుడూ సబర్ సబర్ అంటావే, యాడ బోయింది నీ సబర్?"

"సబర్ నాకుందిరా, బిందెకు లేదు" అంది.

డ్రైవరు దిగి గొట్టం పెట్టాడు. ఆమె బిందె నిండాక లేస్తుందనుకున్నాం. లేవలేదు. వీధి చివరి ఇల్లు మాదిగ సుందరమ్మది, ఆమె బిందె నిండేదాకా కూర్చుంది. తర్వాత లేద్దామంటే మోకాళ్లు రాలేదు. ఆ ఎగతాళి చేసినాయన ఒక పక్క, నేను ఒక పక్క చంకల కింద చేతులేసి లేపాం.